ఇంటికి వచ్చే ఔషధం: కేటలాగు కొనుగోలులో గుణదోషాలు

వైద్యం నాలుగు పాదాల మీద నడుస్తుందని చరకాచార్యుడు చెప్పినాడు. వైద్యుడు, ఔషధ ద్రవ్యం, పరిచారకుడు, రోగి అనేవి ఆ నాలుగు పాదాలు. చరకసంహిత సూత్రస్థానంలోని తొమ్మిదవ అధ్యాయం ఈ విషయానికే ప్రత్యేకింపబడినది. నాలుగు పాదాలూ సలక్షణంగా ఉన్నప్పుడే చికిత్స ఫలిస్తుందనీ, వాటిలో వైద్యుడే ప్రధానమనీ ఆ అధ్యాయ సారాంశం.

నేడు మన ఇళ్లలో ఈ నాలుగింటిలో ఒక్కటి, అనగా ద్రవ్యం మాత్రం, తనంతట తానే గుమ్మం దాకా నడిచి వస్తున్నది. పూర్వం అచ్చు కేటలాగు చూసి కార్డు ముక్క వ్రాసేవారు. ఇప్పుడు చేతిలోని ఫోనే కేటలాగు అయినది. చూర్ణాలు, లేహ్యాలు, తైలాలు, అరిష్టాలు, గుళికలు బొమ్మలతో, ధరలతో, ఏ రోగానికి ఏది అనే వివరంతో కనబడుతున్నవి. కోరినది రెండు మూడు రోజులలో ఇంటికి చేరుతున్నది. ఇది మంచిదా, చెడ్డదా అని పాఠకులు తరచుగా అడుగుతున్నారు. ఒక్క మాటలో చెప్పదగిన సమాధానం దీనికి లేదు. ముందుగా మా ఇంటిలోనే జరిగిన ఒక సంగతి చెప్పి, తరువాత శాస్త్ర దృష్టితో విచారిస్తాను.

మా మేనత్తగారికి చాలా కాలంగా మోకాళ్ల నొప్పులు. నేను చెప్పిన కషాయాలు, తైలమర్దనం ఆమెకు కొంత ఉపశమనం ఇచ్చేవి గాని నొప్పి పూర్తిగా పోలేదు. ఒకనాడు ఆమె ఒక కేటలాగు చూసి, "కీళ్లవాతం సమూలంగా పోతుంది, కేవలం మూలికలు" అని వ్రాసిన గుళికలను పార్సెల్‌లో తెప్పించుకున్నారు. మూడవ రోజుకే నొప్పి మాయమైనది. నేను సందేహం వ్యక్తం చేస్తే, "నొప్పి పోయింది గదరా! నీ కషాయాలు తాగి తాగి నేను బావుకున్నదేమిటి?" అన్నారు. నా దగ్గర జవాబు లేకపోయినది.

మూడు నెలలు గడిచేసరికి ఆమె ముఖం గుండ్రంగా ఉబ్బినది. ఎన్నడూ లేని చక్కెర రక్తంలో కనబడినది. తరువాతి పార్సెల్ ఆలస్యం కావడంతో గుళికలు ఒక్కసారిగా ఆగిపోయినవి. నాలుగు రోజులకు విపరీతమైన నీరసం, వాంతులు కలిగి, లేవబోయి పడిపోయినారు. ఆసుపత్రిలో డాక్టరుగారు లక్షణాలు చూసి, ఆ గుళికలలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చునని అనుమానించినారు. పరీక్షకు పంపుదామంటే ఒక్క గుళిక కూడా మిగలలేదు. డబ్బా మీద తయారీదారు చిరునామా లేదు. అందుచేత ఆ అనుమానం అనుమానంగానే మిగిలిపోయినది. దైవానుగ్రహం వలన ఆమె కోలుకున్నారు.

ఇది జరిగిన తరువాత నేను ఆ కేటలాగును మళ్లీ చదివినాను. అందులో ద్రవ్యం ఉన్నది. తక్కిన మూడు పాదాలు లేవు. కేటలాగు సరుకును తేగలదు గాని వైద్యుణ్ణి తేలేదు. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇంతే. మిగిలినదంతా దీని వివరణ.

పోస్టులో మందు: పూర్వచరిత్ర

ఇంట కూర్చుని కొనే పద్ధతి క్రొత్తది కాదు. అమెరికాలో 1872లో షికాగో నగరానికి చెందిన మాంట్‌గొమరీ వార్డ్ అనే వర్తకుడు పల్లెలలోని రైతుల కోసం ఒక్క కాగితం మీద సరుకుల జాబితా అచ్చువేసి పంపినాడు. దూరాన ఉన్న రైతుకు పట్టణపు ధరకే సరుకు అందించడం అతని ఉద్దేశం.

మన దేశంలో 1877లో పోస్టాఫీసువారు వి.పి.పి. పద్ధతిని ప్రవేశపెట్టినారు. సరుకును పోస్టుమాను ఇంటికి తెచ్చి, దాని వెల వసూలు చేసి, పొట్లం చేతికి ఇస్తాడు. ఆ సొమ్ము అమ్మినవానికి చేరుతుంది. ముందుగా డబ్బు పంపనవసరం లేదు గనుక కొనేవారికి ధైర్యం కలిగినది. మారుమూల గ్రామానికి కూడా పుస్తకాలు, గడియారాలు, మందులు పోస్టులో వచ్చే మార్గం ఏర్పడినది.

తెలుగువారు ఈ రంగంలో వెనుకబడి లేరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం స్థాపించినారు. ఆ వ్యాపారంలో వచ్చిన ధనం ఆంధ్రపత్రికకు, గ్రంథమాలకు ఊతమైనది. మద్రాసులో కె. ఎన్. కేసరిగారు కేసరి కుటీరం స్థాపించి, స్త్రీల వ్యాధులకు లోధ్ర అనే ఔషధాన్ని తయారుచేసినారు. గృహలక్ష్మి పత్రికను నడిపినారు. పత్రిక, ప్రకటన, పోస్టు, ఔషధం అనే నాలుగూ మన ప్రాంతంలో కలిసే పెరిగినవి.

అయితే వి.పి.పి.లో ఒక లోపం ఉండేది. వెల చెల్లించిన తరువాతనే పొట్లం విప్పవలెను. లోపల చెప్పిన వస్తువు ఉన్నదో లేదో ముందు తెలియదు. నేడు సరుకు అందినప్పుడు సొమ్ము ఇచ్చే పద్ధతిలో కూడా చాలా చోట్ల ఇదే పరిస్థితి. పద్ధతి మారినా ప్రశ్న మారలేదు: కంటితో చూడక, ముక్కుతో వాసన చూడక, నాలుకతో రుచి చూడక కొన్న ఔషధాన్ని నమ్మడం ఎట్లా?

ద్రవ్యానికి నాలుగు గుణాలు

ఈ ప్రశ్నకు చరకుడే దారి చూపినాడు. ఉత్తమ ఔషధ ద్రవ్యానికి ఉండవలసిన గుణాలు నాలుగని ఆయన మాట. బహుత, అనగా కావలసినంత లభించడం. యోగ్యత్వం, అనగా ఈ రోగికి, ఈ రోగానికి తగి ఉండడం. అనేకవిధ కల్పన, అనగా చూర్ణ, కషాయ, లేహ్యాది రూపాలలో తయారుకాదగి ఉండడం. సంపత్తు, అనగా రసవీర్యాదులతో నిండుగా ఉండడం. కేటలాగు కొనుగోలును ఈ నాలుగు గుణాలతో తూచి చూడవలెను.

మొదటి గుణం బహుత. ఇందులో కేటలాగు మేలు చేస్తుందనడంలో సందేహం లేదు. కటుకరోహిణి, అతివస, పుష్కరమూలం వంటివి హిమాలయ ప్రాంతాలలో పెరిగే మూలికలు. చిన్న పట్టణంలోని పచారీ కొట్టులోనో, మూలికల అంగడిలోనో అవి దొరకడం కష్టం. దొరికినా ఏనాటివో తెలియదు. అటువంటివాటిని వాటి వ్యాపారం నిత్యం చేసే పేరున్న సంస్థ నుండి తెప్పించుకోవడం సౌకర్యమే. వృద్ధులకు, ఒంటరిగా ఉన్నవారికి, పసిపిల్లల తల్లులకు బజారు తిరిగే శ్రమ తప్పుతుంది. పరాయి రాష్ట్రంలోనో, దూరదేశంలోనో ఉన్న తెలుగు కుటుంబాలకు శొంఠి, పిప్పళ్లు, కరక్కాయ వంటివి దొరకడమే గొప్ప మేలు.

మూడవ గుణమైన కల్పనలో కూడా లాభమే. దశమూలారిష్టం వంటిదానిని ఇంటిలో చేయడం సామాన్య గృహిణికి సాధ్యం కాదు. పది మూలాలు సేకరించి, కషాయం కాచి, సంధానం చేసి, వడగట్టి నిలువ ఉంచవలెను. ఇటువంటివి సిద్ధంగా కొనుక్కోవడమే ఉచితం. రెండు మూడు కేటలాగుల ధరలను, పరిమాణాలను తాపీగా సరిపోల్చుకొనే వీలు కూడా ఉన్నది. అంగడిలో నిలబడి ఉన్నప్పుడు అమ్మేవాని మాటకు మొగమాటపడి కొనేవారు ఇంటి వద్ద ఆలోచించి కొనగలరు.

ఇక మిగిలిన రెండు గుణాల వద్దనే చిక్కు వస్తున్నది.

యోగ్యత్వం: ఎవరికి ఏది తగును?

కేటలాగు రోగం పేరు ఎదుట మందు పేరు వ్రాస్తుంది. ఆయుర్వేదంలో చికిత్స ఆ విధంగా లేదు. తలనొప్పి వాతం వలన రావచ్చును, పిత్తం వలన రావచ్చును, కఫం వలన రావచ్చును. పిత్తప్రకృతి గలవారు, ఆమ్లపిత్తంతో బాధపడేవారు శొంఠి, మిరియాలు అధికంగా గల మందు వాడితే మంట పెరుగుతుంది. గర్భిణికి, బాలింతకు, పసిబిడ్డకు, మూత్రపిండాల వ్యాధి గలవారికి తగనివి అనేకం ఉన్నవి. దగ్గు ఎన్నాళ్లుగా ఉన్నదనీ, జ్వరం వస్తున్నదా అనీ, బరువు తగ్గుతున్నదా అనీ వైద్యుడు అడుగుతాడు. అచ్చు కాగితం అడుగదు. ఆ దగ్గు క్షయ కావచ్చును. పొట్లం కోసం ఎదురుచూసిన రెండు వారాలు రోగికే గాక ఇంటిల్లిపాదికీ నష్టమే.

మరొక ప్రమాదం ఇంతకన్నా తీవ్రమైనది. మధుమేహానికి, రక్తపోటుకు, మూర్ఛకు డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడుతున్నవారు "ఈ చూర్ణంతో మాత్రల అవసరం ఉండదు" అనే మాట చదివి, మాత్రలు మానివేస్తున్నారు. మానిన నాడు ఏమీ తెలియదు. రోగం మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. ఇన్సులిన్ మీద ఉన్నవారు దానిని ఆపితే ప్రాణాపాయం కలుగుతుంది. మాత్ర తగ్గించవలెనన్నా, మానవలెనన్నా ఆ మాట చికిత్స చేస్తున్న వైద్యుడే చెప్పవలెను.

ఇంట కూర్చుని కొనడంలో గోప్యం ఉన్నది. స్త్రీల వ్యాధులు, సంతాన సమస్యలు, మూలశంక, పురుషుల బలహీనత వంటివి నలుగురిలో చెప్పుకోలేక అనేకులు కేటలాగును ఆశ్రయిస్తారు. ఈ గోప్యం ఒకవైపు ఊరట కాగా, మరొకవైపు మోసగాళ్లకు ఇదే పెట్టుబడి. సిగ్గుపడి కొన్నవాడు మోసపోయినా సిగ్గుపడి ఊరుకుంటాడని వారికి తెలుసు. సిగ్గు పడవలసినది రోగి కాదు.

పేరు ఒకటే, మూలిక వేరు

కేటలాగులో మనకు కనిపించేది పేరు మాత్రమే. ఓషధిని పేరుతో, రూపంతో ఎరిగినంత మాత్రాన ఎరిగినట్లు కాదని చరకుడు హెచ్చరించినాడు. అసలు పేరే సరిగా తెలియనప్పుడు ఇక చెప్పవలసినదేమున్నది?

ఒకే పేరు ప్రాంతాన్నిబట్టి వేర్వేరు మొక్కలను సూచిస్తుంది. రాస్నా అని ఉత్తరాదిన వాడే మూలిక వేరు; దక్షిణాదిన ఆ పేరుతో వాడేది దుంపరాష్ట్రం. బ్రాహ్మి అంటే కొందరు నీటి పట్టున పెరిగే చిన్న ఆకుల నీరుబ్రాహ్మిని ఇస్తారు. మరికొందరు మన సరస్వతి ఆకును ఇస్తారు. శంఖపుష్పి అని కొన్ని చోట్ల విష్ణుక్రాంతను, కేరళలో శంఖుపూల తీగను వాడుతారు. పునర్నవ పేరుతో అటికమామిడి, గలిజేరు రెండూ చెలామణి అవుతున్నవి. అశోక పట్టకు బదులు వీధుల వెంట నిటారుగా పెరిగే నరమామిడి పట్టను కలపడం మూలికల వ్యాపారంలో అందరికీ తెలిసిన దోషం. అసలైన అశోకానికి నారింజ, ఎరుపు రంగుల పూలగుత్తులు ఉంటవి. ఎండిన పట్టలో అవి ఎక్కడ కనిపిస్తవి?

అందువలన మూలికను తెప్పించునప్పుడు తెలుగు పేరు, సంస్కృత నామం, శాస్త్రీయ నామం మూడూ ఉన్న జాబితాను మాత్రమే నమ్మవలెను. శాస్త్రీయ నామం ఇవ్వని కేటలాగువారిని అడగవలెను. చెప్పలేకపోతే కొనరాదు.

సంపత్తు: వీర్యం ఎన్నాళ్లు నిలుస్తుంది?

శార్ఙ్గధరాచార్యుడు ఔషధాల ఆయువును గురించి ఎంతో ఉపయోగకరమైన విషయం చెప్పినాడు. ఎండిన మూలికలు ఒక సంవత్సరం తరువాత గుణం కోల్పోతవి. చూర్ణం రెండు మాసాలకే హీనవీర్యం అవుతుంది. గుళికలు, లేహ్యాలు ఏడాది తరువాత బలం తగ్గుతవి. ఆసవాలు, భస్మాలు, రసౌషధాలు మాత్రం పాతబడిన కొద్దీ గుణవంతాలు అవుతవి.

నేటి ప్రభుత్వ నియమాల ప్రకారం చూర్ణాలకు తయారైన నాటి నుండి రెండేళ్ల వరకు గడువు వ్రాయవచ్చును. రెండు మాసాలకు, రెండేళ్లకు ఇంత అంతరం ఎందుకని పాఠకులు అడుగవచ్చును. గాలి, తేమ చొరని నేటి ప్యాకెట్టు పూర్వం లేదు. కాని ప్యాకెట్టు విప్పిన మరుక్షణం నుండి మన ఇంటి గాలి, వంటింటి ఆవిరి దానికి తగులుతూనే ఉంటవి. కనుక ముద్ర విప్పిన చూర్ణానికి శార్ఙ్గధరుని రెండు మాసాల లెక్కనే పాటించడం మేలు. కేటలాగువారు "కిలో కొంటే సగం ధర" అన్నప్పుడు ఈ లెక్క జ్ఞాపకం చేసుకోవలెను. ఇంటిలో ఒక్కరు రోజుకు మూడు గ్రాముల చొప్పున వాడితే రెండు నెలలకు నూట ఎనభై గ్రాములు చాలును. మిగిలిన ఎనిమిది వందల గ్రాములు చౌక కాదు, వృథా.

ప్రయాణం కూడా ఔషధాన్ని బాధిస్తుంది. మన ప్రాంతపు మే నెల ఎండలో పార్సెల్ గంటల తరబడి వాహనంలో ఉంటుంది. తైలాలు, ఘృతాలు కారిపోతవి. లేహ్యం పాకం జారి పులిసిన వాసన వేస్తుంది. వానకాలంలో గుళికలు అంటుకొని బూజు పడుతవి. సాధ్యమైనంత వరకు తైలాలను, లేహ్యాలను చలికాలంలో తెప్పించుకోవలెను.

లోహాలు కలిసిన మందుల సంగతి

ఇక అన్నింటికన్నా జాగ్రత్తగా చదువవలసిన భాగం ఇది. 2008లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ఒక పరిశోధన వెలువడినది. పరిశోధకులు రోగులవలెనే ఇంటర్నెట్ ద్వారా ఆయుర్వేద మందులు కొని, 193 మందులను పరీక్షించినారు. వాటిలో దాదాపు 21 శాతం మందులలో సీసం, పాదరసం, పాషాణం అనే మూడింటిలో ఏదో ఒకటైనా కనబడినది. రసౌషధాలలో ఇది 41 శాతం. కేవలం మూలికలతో చేసినవాటిలో కూడా 17 శాతం. అమెరికాలో తయారైనవి, భారతదేశంలో తయారైనవి అనే భేదం పెద్దగా కనిపించలేదు. 2012లో న్యూయార్కు నగరంలో ఆయుర్వేద మందులు వాడిన ఆరుగురు గర్భిణుల రక్తంలో అధికంగా సీసం ఉన్నదని ఆ దేశపు ఆరోగ్య సంస్థ ప్రకటించినది.

ఈ మాట వినగానే కొందరు ఆయుర్వేదాన్ని నిందిస్తారు, మరికొందరు పరిశోధనను నిందిస్తారు. రెండూ తగవు. రసశాస్త్రంలో లోహాలకు శోధన, మారణ విధులు ఎంతో కఠినంగా విధింపబడినవి. మాత్ర, అనుపానం, పథ్యం, కాలపరిమితి వైద్యుడే నిర్ణయించవలెను. ఆ విధి పాటింపబడినదో లేదో పార్సెల్ అందుకున్నవానికి తెలిసే మార్గం లేదు. సీసం గర్భస్థ శిశువు మెదడును కూడా బాధించే విషం. కాబట్టి భస్మాలు, సిందూరాలు, రసగుళికలు ఏ పరిస్థితిలోనూ కేటలాగు చూసి సొంతంగా తెప్పించుకోరాదు. విదేశాలలోని మనవారికి, ముఖ్యంగా గర్భిణులకు, ఇటువంటివి ప్రేమతో కూడా పంపరాదు.

స్టెరాయిడ్ కలిపిన నొప్పి మందుల ప్రమాదం వేరు. ఏళ్ల నాటి నొప్పి రెండు మూడు రోజులలో మాయమైతే సంతోషించుటకు ముందు సందేహించవలెను. అటువంటి మందును కొన్ని వారాలకు మించి వాడినవారు భయపడి ఒక్కసారిగా ఆపివేయడం కూడా ప్రమాదమే. శరీరం తన సహజ స్రావాన్ని తగ్గించుకొని ఉంటుంది. మందు డబ్బాతో సహా వెంటనే డాక్టరు వద్దకు వెళ్లవలెను. మా మేనత్తగారి విషయంలో మాకు తెలియనిది ఇదే.

లేబిల్ చదవడం నేర్చుకుందాము

మన దేశంలో ఆయుర్వేద ఔషధం తయారుచేసి అమ్మడానికి లైసెన్సు ఉండవలెను. ఔషధ నియమాల ప్రకారం లేబిల్ మీద ఈ క్రింది వివరాలు ఉండవలెను.

1. ఆయుర్వేద ఔషధం అనే మాట.
2. ఔషధం పేరు, అందులోని ద్రవ్యాల వివరం, నికర పరిమాణం.
3. తయారీదారు పేరు, పూర్తి చిరునామా, లైసెన్సు సంఖ్య.
4. బ్యాచి సంఖ్య, తయారీ తేదీ, గడువు తేదీ.
5. వత్సనాభి, ముష్టి, జీడిగింజ, ఉమ్మెత్త, పాదరసం వంటి విషద్రవ్యాలు గల సేవన ఔషధమైతే వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెననే హెచ్చరిక.

"రహస్య మూలికలు", "గురుపరంపర యోగం" అని వ్రాసి ద్రవ్యాల పేర్లు దాచినచో ఆ మందు కొనదగినది కాదు.

1954లో చేసిన ఔషధాలు, మాయా చికిత్సల ప్రకటనల చట్టాన్ని కూడా గృహస్థులు తెలుసుకొని ఉండవలెను. మధుమేహం, కేన్సరు, మూర్ఛ, పక్షవాతం, బొల్లి, రక్తపోటు, స్థూలకాయం మొదలైన యాభై నాలుగు అంశాలు ఆ చట్టపు పట్టికలో ఉన్నవి. వాటిని తమ మందు నయం చేస్తుందని ప్రజలకు ప్రకటన ఇవ్వడం నేరం. ఎత్తు పెంచే మందు అనడం కూడా ఇందులోనిదే. అనగా అటువంటి ప్రకటన గల కేటలాగు మొదటి పేజీలోనే చట్టాన్ని ఉల్లంఘిస్తున్నది. రెండవ పేజీలో నిజం చెబుతుందని ఎట్లా నమ్మగలము?

ఉత్తమ మార్గం: ద్రవ్యం పోస్టులో, తయారీ ఇంటిలో

గృహచికిత్సకు కావలసిన సామాన్య చూర్ణాలకు సులభోపాయం ఉన్నది. చూర్ణం కొనక, గుర్తుపట్టదగిన ముడి ద్రవ్యాన్ని కొని ఇంటిలో దంచుకోవలెను. కాయను, కొమ్మును, గింజను కంటితో పరీక్షించవచ్చును. పొడిలో ఏమి కలిసినదో ఎవరూ చెప్పలేరు.

త్రిఫలా చూర్ణం: కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ తెప్పించి గింజలు తీసివేయవలెను. ఎండిన బెరడులను సమభాగాలుగా తూచి, నీడన ఒక పూట ఆరనిచ్చి, దంచి వస్త్రగాళితం చేయవలెను. పొడిగా ఉన్న గాజు సీసాలో నింపి, తయారైన తేదీ వ్రాసి అంటించవలెను. మలబద్ధం గలవారు రాత్రి పడుకొనే ముందు అర చెంచా గోరువెచ్చని నీటితో సేవించవచ్చును. గర్భిణులు, విరేచనాలతో ఉన్నవారు వాడరాదు.

త్రికటు చూర్ణం: శొంఠి, మిరియాలు, పిప్పళ్లు సమభాగాలు. దోరగా వేయించి, చల్లార్చి, పొడి చేయవలెను. జలుబు, అజీర్ణం ఉన్నప్పుడు చిటికెడు పొడిని తేనెతో తీసుకోవచ్చును. కడుపులో మంట, పుండు గలవారికి పనికిరాదు. ఏడాది నిండని బిడ్డకు తేనె ఇవ్వరాదు.

ముడి ద్రవ్యంలోనూ కల్తీ ఉండవచ్చును గనుక చిన్న పరీక్షలు చేయవలెను. మిరియాలను నీటిలో వేస్తే మంచి గింజలు మునుగుతవి. బొప్పాయి గింజలు, తాలు గింజలు తేలుతవి. అసలు కుంకుమపువ్వు నీటిలో మెల్లగా రంగు విడుస్తుంది, రేకు రంగు నిలుస్తుంది; రంగు వేసిన నకిలీ క్షణంలో రంగు విడిచి వెలవెలబోతుంది. తేనె విషయంలో మాత్రం నీటిలో చుక్క వేసి చూసే పాత పరీక్షను నమ్మరాదు. నేటి చక్కెర పాకాలు ఆ పరీక్షకు దొరకవు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు 2020లో ఈ సంగతిని బయటపెట్టినారు.

పార్సెల్ వచ్చినప్పుడు

పొట్లం నలిగి, తడిసి ఉంటే తీసుకొనక త్రిప్పి పంపవలెను. తీసుకున్నచో ఇంకొకరు దగ్గర ఉండగా విప్పి, పై కవరు, బిల్లు, లేబిల్ కనబడేటట్లు ఫోటో తీయవలెను. సీసా మూత ముద్ర చెక్కుచెదరకుండా ఉన్నదా, తేదీ సరిపోయినదా, జాబితాలోని ద్రవ్యాలే లేబిల్ మీద ఉన్నవా అని చూడవలెను. ముక్క వాసన, బూజు, రంగు మార్పు ఉంటే నోట వేయరాదు. క్రొత్త మందును మొదలుపెట్టిన తేదీ ఒక పుస్తకంలో వ్రాయవలెను. మందు పూర్తయినా బిల్లును, డబ్బాను, నాలుగు గుళికలను లేక కొద్ది చూర్ణాన్ని దాచి ఉంచవలెను. ఏదైనా హాని జరిగితే సాక్ష్యం చెప్పేది అదే.

మోసం జరిగితే మార్గాలు ఉన్నవి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఇంటర్నెట్‌లో అమ్మే సంస్థకు ఫిర్యాదుల అధికారి ఉండవలెను. ఆ అధికారి నలభై ఎనిమిది గంటలలో ఫిర్యాదు అందినట్లు తెలిపి, నెలలోగా పరిష్కరించవలెను. జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చిన గొప్ప సౌకర్యం మరొకటి ఉన్నది. అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా, కొన్నవారు తాము నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చును. మందు వలన హాని కలిగినట్లు అనుమానం ఉంటే ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలోని వైద్యులకు తెలియజేయవలెను. ఒకరి ఫిర్యాదు పదిమందిని కాపాడుతుంది.

సారాంశం

వైద్యుడు పేరు వ్రాసి ఇచ్చిన ఔషధాన్ని మంచి సంస్థ నుండి తెప్పించుకోవచ్చును. గుర్తుపట్టదగిన ముడి మూలికలను తెప్పించుకోవచ్చును. రోగం పేరు చూసి మందు తెప్పించుకోరాదు. భస్మాలు, రసౌషధాలు, ద్రవ్యాల పేర్లు లేని గుళికలు అసలే వద్దు. వాడుతున్న మాత్రలను కేటలాగు మాట మీద మానరాదు.

తెలియని ఔషధం విషంతో, శస్త్రంతో, అగ్నితో, పిడుగుతో సమానమనీ, చక్కగా తెలిసిన ఔషధం అమృతంతో సమానమనీ చరకుడు చెప్పినాడు. పొట్లం ఒకటే. తెలిసి విప్పినామా, తెలియక విప్పినామా అన్నదే భేదం.

మా మేనత్తగారికి మోకాళ్ల నొప్పి ఇప్పటికీ ఉన్నది. తైలమర్దనం, కొద్దిపాటి వ్యాయామం, డాక్టరుగారి సలహా వీటితో ఆమె పనులు ఆమె చేసుకుంటున్నారు. కేటలాగులు చూడడం మానలేదు. అయితే ఏదైనా నచ్చితే ఆ పేజీ మడిచి, "ఇందులో ఏమేం ఉన్నాయో చదివి చెప్పరా" అని నా చేతికి ఇస్తున్నారు. ప్రతి ఇంటిలోనూ కొనుగోలుకు ముందు ఈ ఒక్క పని జరిగితే చాలును.